రిటర్న్‌లో ప్రమాదాల దగ్గర సున్నా పెట్టేయొచ్చా?

మీరు అడిగింది: తిరుపతి దగ్గర గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో 60 మంది పనిచేసే యూనిట్‌లో కొత్తగా చేరారు, ఫ్యాక్టరీల శాఖకు పంపే యాన్యువల్ రిటర్న్ నింపాలి, పాత ఫైళ్ళలో ప్రమాదాల గడిలో ఏటా సున్నాలే ఉన్నాయి, మీరూ అదే పెట్టేయొచ్చా అని.

నిజంగా ఏమీ జరగకపోతే పెట్టండి. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో హాజరు చూసే టైమ్ ఆఫీసులో ఐదేళ్ళు చేశాను. మొదటి రెండేళ్ళు నేను పెట్టినవీ సున్నాలే, అవి ఎలా పుడతాయో నాకు తెలుసు.

జూన్ నెల, గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. కాయ కోస్తున్న ఒక అక్కకు కత్తి బొటనవేలి మొదట్లో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. సూపర్‌వైజర్ వచ్చి, "ఇంట్లో కూర్చునేది ఇక్కడే కూర్చోమనండి, హాజరు వేద్దాం" అన్నాడు. అక్కకూ అదే కావాలి. "రాకపోతే కూలి పోతాది సార్" అంది. మూడు రోజులు కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో ట్రేలు లెక్కపెట్టింది. నేను మూడు హాజర్లు వేశాను.

అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం దెబ్బ తగిలి 48 గంటలు, ఆపైన పనిచేయలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాలి. హాజరు పడింది కాబట్టి నోటీసు లేదు. నోటీసు లేదు కాబట్టి రిటర్న్‌లో సున్నా. అమెరికాలో ఇలా కుర్చీలో కూర్చోబెట్టిన రోజులకు కూడా రిజిస్టర్‌లో ఒక గడి ఉంది, తేలిక పనికి మార్చినా రాయాల్సిందే. మన దగ్గర అదే కుర్చీ ప్రమాదాన్ని మింగేస్తుంది.

జబ్బుల సంగతి ఇంకా అన్యాయం. సీజన్‌లో మామిడికాయ సొన పడి చేతులు, మెడ బొబ్బలెక్కి నల్లబడతాయి. కొబ్బరి నూనె రాసుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వస్తారు. ఆ చట్టం మూడో షెడ్యూల్‌లో, నోటీసు ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలో, 29 జబ్బులున్నాయి, చర్మం జబ్బు కూడా ఉంది, కానీ అందులో రాసింది రసాయనాలు, రంగుల గురించి. కాస్టిక్ సోడాతో పైపులైన్లు కడిగే కుర్రాడి చేతులు ఆ లెక్కలోకి వస్తాయి. సొన పడ్డ అక్కల చేతులు రావు.

మూడో ఏడాది నేనే ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, టైము, ఏ బల్ల, ఏం చేస్తుండగా, తన పనికి మళ్ళీ ఎప్పుడు వచ్చారు, అంతే. సీజన్ అయిపోయేసరికి రిటర్న్‌లో రాయాల్సిన ప్రమాదాలు నాలుగు తేలాయి. మేనేజర్‌కు టెన్షన్, ఇన్‌స్పెక్టర్ వచ్చి కూర్చుంటాడని. కానీ ఆ నాలుగింట్లో మూడు ఒకే బల్ల దగ్గరివి. అక్కడ డ్రెయిన్ జాలీ విరిగి నీళ్ళు నిలిచేవి, జారి కత్తి తప్పేది. రాసుకునే దాకా ఎవరికీ తట్టలేదు.

మీరు రాసే అంకె రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ నుంచి పైకి పోయి దేశం లెక్కలో కలుస్తుంది. కేంద్ర కార్మిక శాఖ కింద లెక్కలు చూసే లేబర్ బ్యూరో వేసే పట్టికలకు ఆధారం ఈ రిటర్న్‌లే.

కాంట్రాక్టర్ మనుషుల్ని వదలొద్దు. వాళ్ళ హాజరు పట్టీ వేరే ఉన్నా, చట్టం దృష్టిలో వాళ్ళూ మీ కార్మికులే. పనిగంటలు కూడా సరిగ్గా వేయండి. దెబ్బల రేటు కట్టేది పనిచేసిన సమయాన్ని బట్టి, అది తప్పితే రేటూ తప్పు. ఈఎస్ఐకి యాక్సిడెంట్ రిపోర్టు పంపాం కదా అని ఇది మానేయకండి, అది వేరు. 2025 నవంబర్ 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం లాంటి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, కాబట్టి పాత ఫారం చూసి దించేయకుండా ఇప్పుడు ఏ ఫారమో ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో అడిగి తీసుకోండి.

ఈ ఏడాదికి నోటుబుక్కు లేదు కదా, అకౌంట్స్ వాళ్ళ దగ్గర ఆసుపత్రి బిల్లుల ఫైలు అడగండి. కుట్లకు కట్టిన డబ్బులు అందులో తేదీతో సహా ఉంటాయి. దాన్ని హాజరు పట్టీ పక్కన పెట్టుకుని చూడండి.