తాతగారి తంబురాకి డ్రిల్లు పెట్టొద్దు

ప్రశ్న: మా తాతగారు బుర్రకథలు చెప్పేవారు. ఆయన తంబురా ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు దానికి రంధ్రాలు పెట్టి, లోపల సర్క్యూట్ అమర్చి కొత్త శబ్దాలు పుట్టిస్తానంటున్నాడు. అమ్మేమో అపచారం అంటోంది. మధ్యలో నాకు టెన్షన్. ఎవరి మాట వినాలండీ?
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: నేను మీ తమ్ముడి పక్షమేనమ్మా. కానీ ముందు ఆ డ్రిల్లు మిషన్ తీసి దాచెయ్యండి.

వాద్యానికి కరెంటు తగిలిస్తే అపచారమేమీ కాదని అమ్మగారికి చెప్పండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించింది ఎలక్ట్రిక్ మాండొలినే. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలుంటాయి. జంట తీగల్ని పక్కకి లాగి, స్వరాన్ని ఊపే గమకం పలికించడం కష్టం, నాదం కూడా తొందరగా ఆరిపోతుంది. ఆయన ఒంటి తీగలు ఐదే ఉంచి, దాని మీద త్యాగరాజ కీర్తనలు వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. పాట కోసం వాద్యాన్ని మార్చడమంటే అదీ!

ఇక మీ తమ్ముడి పని. పీజో బిళ్ళ ఒకటి కొనమనండి. రూపాయి బిళ్ళంత ఉంటుంది, ఇత్తడి రేకు మీద తెల్లటి సిరామిక్ పూత. బొమ్మల్లో, అలారం గడియారాల్లో బీప్ అనేది అదే. అదే బిళ్ళకి అదురు తగిలితే తిరిగి కరెంటు పుట్టిస్తుంది. వైర్లు అతికేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ చటుక్కున తీసెయ్యాలి, వేడెక్కితే పూత పాడైపోతుంది. తీగలు ఆనే గుర్రం పక్కన, బుర్ర మీద దాన్ని తేనెమైనంతో అంటించండి. వీణ మెట్లు నిలబెట్టడానికి వాడేదీ మైనమే కదా. వద్దనుకుంటే గోటితో గీకేస్తే వచ్చేస్తుంది, చెక్కకి ఏమీ కాదు. ఫెవిక్విక్ మాత్రం తాకించొద్దు.

ఆ వైరు నేరుగా మామూలు యాంప్లిఫయర్‌కి పెడితే రేకుడబ్బా మోత వస్తుంది. చాలామంది ఇక్కడే విసుగెత్తి వదిలేస్తారు. తప్పు బిళ్ళది కాదు. నిరోధం పదివేల ఓమ్‌లే ఉన్న ఇన్‌పుట్‌కి కలిపితే దాని మంద్రం అంతా కారిపోతుంది, తంబురాకి ప్రాణం మంద్రంలోనే ఉంది. బిళ్ళకీ యాంప్లిఫయర్‌కీ మధ్యలో ఫెట్ అనే రకం ట్రాన్సిస్టర్‌తో చిన్న బఫర్ కట్టాలి, అంటే బిళ్ళ మీద భారం పడకుండా చూసే సర్క్యూట్. దాని ఇన్‌పుట్ నిరోధం కనీసం పది లక్షల ఓమ్‌లు ఉండాలి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ సరిపోతుంది. అప్పుడు యాంప్లిఫయర్‌కి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. తీగ మీంచి వేలు జారే గరగర, బుర్రకి చొక్కా రాసుకునే చప్పుడు, తీగ బిగించే బిరడా తిప్పితే చెక్క మూలిగే మూలుగు, అన్నీ వినిపిస్తాయి. తాతగారు వాయించేటప్పుడు ఆయన ఒక్కరికే దగ్గరగా వినిపించిన శబ్దాలివి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

కొత్త శబ్దాలు ఆ తర్వాత. భజన మైకు సెట్లకి వాడే చవక ఎకో బోర్డుల్లో చాలావాటిలో పీటీ2399 అనే చిప్ ఉంటుంది. దాని ఆరో కాలి దగ్గరున్న రెసిస్టర్ ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా రావాలో నిర్ణయిస్తుంది. ఆ రెసిస్టర్ తీసి, వెలుతురును బట్టి మారే ఎల్‌డీఆర్ పెట్టమనండి, దానితో వరసగా రెండు కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి. చెయ్యి నీడ పడగానే ప్రతిధ్వని కిందికి జారుతుంది, నీడ తియ్యగానే పైకి లేస్తుంది. జారు గమకం గాలిలో వేసినట్టే! ఇదంతా విడిగా ఒక పెట్టెలో ఉంటుంది కాబట్టి తంబురాకి గీత కూడా పడదు. మొదటిసారి అమ్మగారి చేతే నీడ పట్టించండి.

ప్రశ్న: మా నాన్నగారు అభ్రకం గనుల్లో పనిచేసేవారు. ఆయన కొన్న వాల్వు రేడియోని వాద్యంగా మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: మార్చవచ్చండి, కానీ లోపల చెయ్యి పెట్టకుండా. వాల్వు సెట్లలో రెండొందల వోల్టులు దాటి ఉంటాయి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా, కరెంటును దాచుకునే కండెన్సర్లలో కొంతసేపు నిలవ ఉంటాయి. సెట్టు విప్పినవాళ్ళు చూపిస్తే వాల్వు గాజులోకి ఒకసారి చూడండి. పైనా కిందా లోహపు ముక్కల్ని పట్టుకుని ఉన్న పల్చటి పలకలు అభ్రకమే.

రేడియో వెనక గ్రామఫోన్ పికప్ కోసం సాకెట్ ఉందేమో వెతకండి. ఆ రోజుల్లో క్రిస్టల్ పికప్‌లు కూడా పీజో జాతివే కాబట్టి, ఆ సాకెట్‌కి బిళ్ళ నేరుగా సరిపోతుంది, బఫర్ అక్కర్లేదు. నేను ఉదయగిరి చెక్కగరిటెకి బిళ్ళ అంటించి ఇలాగే వాయిస్తుంటాను. వేలితో కొడితే ఆ పాత స్పీకర్‌లో బుర్రకథ డక్కీ మోగినంత గుండ్రంగా వస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఏసీ, డీసీ రెండిటికీ పనిచేసే సెట్లలో కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి లోహపు చట్రానికే (చాసిస్) నేరుగా కరెంటు వస్తుంది. సాకెట్‌లో ఏదైనా పెట్టే ముందు పాత రేడియోలు తెలిసిన మెకానిక్‌కి చూపించండి. ట్రాన్స్‌ఫార్మర్ లేదంటే ఆ సాకెట్ జోలికి వెళ్ళకండి. పైన చెప్పిన బఫర్ కట్టుకుని, బ్యాటరీ యాంప్లిఫయర్‌తో వాయించుకోండి.