కొత్త ముద్ద: మీ సందేహాలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడిగాయి: అలవాటు లేని తిండి కంచంలోకి వస్తే ఏం చేయాలని. కొన్ని జవాబులు పొడుగయ్యాయి. వండే పద్ధతి చెప్పకుండా "అలవాటు చేసుకోండి" అంటే ఎవరికీ ఉపయోగం ఉండదు కదా.

మాది విజయవాడ. పెళ్లయి పలమనేరు వచ్చి మూడు నెలలు. అత్తగారింట్లో వారానికి నాలుగు రోజులు రాగి సంగటే. నాకు పళ్లకు అతుక్కుపోతోంది, గొంతు దిగడం లేదు. నేను వండితే ఉండలు కడుతోంది. అత్తయ్య ఏమీ అనరు గానీ నాకే చిన్నతనంగా ఉంది. – ఓ కోడలు, పలమనేరు

సంగటిని నమలకూడదమ్మా, మింగాలి. అన్నంలా నమిలితే ఎంత బాగా కెలికిన సంగటైనా పళ్లకు పట్టుకుంటుంది. రేగుపండంత ముద్ద తుంచుకోండి. వేళ్లతో ఒకసారి గుండ్రంగా తిప్పి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కండి. ఆ గుంటలో పులుసు నిలిచేలా ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేయండి. ముద్ద అంతకన్నా పెద్దదైతే గొంతు పట్టేస్తుంది. కొత్తలో వేపుళ్లు, గట్టి కూరలు వద్దు. పప్పుచారు, వంకాయ పులుసు, ఉలవచారు లాంటి జారే వాటితో మొదలుపెట్టండి. వేడిమీదే తినాలి. చల్లారితే బిగుసుకుపోయి, అలవాటున్న వాళ్లకే కష్టమవుతుంది.

ఇక వండటం. నలుగురికి ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు రాగిపిండి, నాలుగున్నర నుంచి ఐదు గ్లాసుల నీళ్లు. బియ్యం అరగంట నానబెట్టి, ఉప్పు వేసి, మెతుకు మెదిపితే మెత్తగా నలిగేదాకా ఉడికించండి. అప్పటికి అన్నం పైన వేలి మందం గంజి కనబడాలి. లేకపోతే మరిగే నీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఇప్పుడు మంట తగ్గించి, పిండిని మధ్యలో గుట్టగా పోయండి. కలపొద్దు! మీ దగ్గర ఉండలు కట్టేది ఇక్కడే. మరిగే నీళ్లలో పిండి చల్లుతూ తిప్పితే, ప్రతి పిండి గడ్డకూ పైపొర క్షణంలో ఉడికి జిగురు కడుతుంది. ఆ జిగురు దాటి నీళ్లు లోపలికి పోవు. పైన ఉండ, లోపల పచ్చి పిండి. అందుకని గుట్ట మీద తెడ్డుతో మూడు నాలుగు చిల్లులు పొడిచి, మూత వారగా పెట్టి, సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు వదిలేయండి. చిల్లుల్లోంచి ఆవిరి పైకి వచ్చి, పిండి రంగు ముదురుతుంది. అప్పుడు దించి, గిన్నె కదలకుండా పట్టుకుని తెడ్డుతో అంచుల నుంచి మధ్యకు బలంగా కెలకండి. మళ్లీ మూడు నిమిషాలు సన్న సెగ. తడి చేత్తో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే ఇంకా ఉడకాలి. పళ్లకు పట్టడానికి సగం కారణం ఈ పచ్చిదనమే.

పక్కన చెనిక్కాయ ఊరుబిండి ఉంటే సంగటి సులువుగా దిగుతుంది. అర గ్లాసు చెనిక్కాయ విత్తనాలు సన్న సెగన పొట్టు చిట్లేదాకా వేయించాలి. మాడితే చేదు, మళ్లీ బాగుపడదు. ఆరు ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు వేసి బరకగా నూరండి. సంగటి మిగిలితే రాత్రి నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ కలిపి, పచ్చి ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగండి. ముద్ద దిగని వాళ్లకూ అంబలి దిగుతుంది.

తిరుపతిలో చదువుతున్నాను. నా గదిలో ఒకరిది మణిపూర్, ఒకరిది నాగాలాండ్. వాళ్లు వండేటప్పుడు వాసనకు గదిలో ఉండలేకపోతున్నాను. ప్రేమగా తినమంటారు. ఏమిటవి? తినొచ్చా? – ఓ విద్యార్థి, తిరుపతి

మూడు వస్తువులై ఉండొచ్చు. మణిపూర్ వాళ్ల ఙారి అంటే చిన్న చేపలను ఎండబెట్టి, కుండల్లో కుక్కి నెలల తరబడి పులియబెట్టినది. నాగాలాండ్ వాళ్ల అఖుని అంటే ఉడికించిన సోయా గింజలను ఆకుల్లో చుట్టి, పొయ్యి దగ్గర వెచ్చగా కొన్ని రోజులు ఉంచి పులియబెట్టినది. మూడోది వెదురు కొమ్ములు, పులిసినవి.

వాసన ఘాటుగా ఉండేది పచ్చిగా ఉన్నప్పుడూ, పెనం మీద వేగేటప్పుడూ. కూరలో ఉడికాక అదంతా రుచిలోకి దిగుతుంది. పులిసేటప్పుడు మాంసకృత్తులు విరిగి ఆ వాసనా వస్తుంది, నాలుక వెనకాల నిలిచే ఆ కమ్మదనమూ వస్తుంది. మన ఇళ్లలో ఎండు రొయ్యలు వేయించినప్పుడు పక్క వాటా వాళ్లు కిటికీలు మూసుకోరూ? అదే సంగతి. అందుకని వండే గదిలో కూర్చుని ఆ తిండి మీద తీర్పు చెప్పకండి. వంట పూర్తయి, గది గాలి మారాక కంచం ముందు కూర్చోండి.

మొదట అడగాల్సింది "ఇందులో ఏ మాంసం ఉంది?" అని. అఖునిలో సోయా ఒక్కటే ఉంటుంది, కానీ దాన్ని ఎక్కువగా పంది మాంసంతో వండుతారు. మీరు తినని మాంసమైతే నేరుగా చెప్పండి, వాళ్లకూ అలాంటి పట్టింపులు ఉంటాయి. టమాటా, ఎండుమిరపకాయతో అఖునిని విడిగా వండి పెట్టమని అడగొచ్చు.

రుచి చూడటానికి అన్నిటికన్నా తేలికది మణిపూర్ ఎరోంబా. మూడు ఉర్లగడ్డలు, గుప్పెడు బీన్స్, ఐదారు ఎండుమిరపకాయలు ఉడికించి, కాల్చిన ఙారి కలిపి మెదుపుతారు. మామూలుగా రెండు మూడు చేపలు వేస్తారు. మీ కోసం మొదటిసారి సగం చేప చాలని చెప్పండి. పిడికెడు వేడి అన్నానికి ఒక చెంచా కలుపుకుని తినండి. మన పచ్చడి మెతుకుల పద్ధతే, నాలుక త్వరగా పట్టుకుంటుంది.

ఒక్కదానితో మాత్రం జాగ్రత్త. వాళ్లు ఉమొరోక్ అనే మిరపకాయ అసోం వైపు భూత్ జొలోకియాగా పేరు పడ్డది. 2007లో గిన్నిస్ వాళ్లు దాన్ని ప్రపంచంలోకెల్లా ఘాటైన మిరపగా నమోదు చేసినప్పుడు కొలత పది లక్షల స్కోవిల్ యూనిట్లు దాటింది. మన గుంటూరు సన్నం 35 – 40 వేల దగ్గర ఉంటుంది. "మేం రాయలసీమ వాళ్లం" అని కాయ కొరకకండి. నోరు మండితే నీళ్లు పని చేయవు, పెరుగో పాలో నోట్లో పట్టి ఉంచండి. చేతికి అంటితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి.

పచ్చి వెదురు కొమ్ములు దొరికితే ముక్కలు కోసి, మూత లేకుండా అరగంట ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించాలి. వాటిలో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఉడికేటప్పుడు అది ఆవిరితోనూ నీళ్లతోనూ పోతుంది. మూత పెడితే గిన్నెలోనే తిరుగుతుంది. కేరళ స్నేహితులు కప్ప వండినా ఇదే నియమం, అది కర్రపెండలమే. ఉడికించిన నీళ్లు వాడకూడదు.

మీ స్నేహితులతో కొండకు వెళ్తుంటే వాళ్లకు ముందే చెప్పండి. తిరుమలకు మాంసం, ఎండు చేపలు తీసుకుపోకూడదు. అలిపిరిలో సంచులు తనిఖీ చేస్తారు.

శ్రీసిటీలో జపాన్ కంపెనీలో పని. మా పై అధికారి ఇంటికి భోజనానికి పిలిచారు. మేం గుడ్డు కూడా తినం. "కూరగాయలవే చేయిస్తాను" అన్నారు. సరిపోతుందా? – సూళ్లూరుపేట నుంచి ఓ పాఠకుడు

సరిపోదు. ఇంకొక్క మాట చెప్పాలి: "దాషి కూడా చేపది వద్దు" అని. జపాన్ వంటలో దాషి అంటే మనకు చారు నీళ్ల లాంటిది, ఎన్నో వంటలకు అదే మొదలు. అది ఎక్కువగా కత్సువోబుషితో చేస్తారు, అంటే పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుముతో. చేప ముక్క కంటికి కనబడదు కాబట్టి కూరగాయల సూప్ అనే పెడతారు. మోసం ఏమీ లేదు, వాళ్ల లెక్కలో అది చేప వంట కాదు. "షోజిన్ ర్యోరి" అంటే ఆయనకు వెంటనే తెలుస్తుంది. అది బౌద్ధ ఆలయాల వంట. మాంసం, చేప, గుడ్డు ఉండవు, సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. గుడి ప్రసాదం తినే ఇంటికి ఇంతకన్నా దగ్గరి వంట లేదు.

ముందు ఇంట్లో మిసో సూప్ చేసి అలవాటు పడండి. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. లీటరు నీళ్లలో 10 గ్రాముల కొంబు, అంటే ఎండు సముద్రపు నాచు, అరగంట నానబెట్టండి. సన్న మంట మీద వేడి చేసి, మరుగు పట్టేముందు నాచు తీసేయండి. మరిగితే జిగురు, చేదు దిగుతాయి. టోఫు (సోయా పనీర్) ముక్కలు వేసి వేడెక్కాక పొయ్యి ఆపి, నాలుగు పెద్ద చెంచాల మిసోను గరిటెలో కరిగించి కలపండి. మిసో వేశాక మరిగించకూడదు, సువాసన పోతుంది. ఉప్పు వద్దు, మిసోలోనే బోలెడు ఉంది. మిసో పొట్లం మీద "దాషి కలిపినది" అని ఉంటే కొనకండి, అందులో సాధారణంగా చేప ఉంటుంది.

భోజనం దగ్గర ఒక్కటి గుర్తుంచుకోండి. తినే పుల్లలను (చాప్‌స్టిక్స్) అన్నంలో నిలువుగా గుచ్చొద్దు. వాళ్లు చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు.

మా అబ్బాయి స్నేహితులు విదేశాల నుంచి వారం రోజులు మా ఇంట్లో ఉంటారు. అన్నీ మన వంటలే పెడదామనుకుంటున్నాం. ఏమైనా జాగ్రత్త? – చిత్తూరు

కారం సంగతి తర్వాత. ముందు చెనిక్కాయల సంగతి అడగండి. వేరుసెనగ పడని వాళ్లకు చిటికెడు కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మన చిత్తూరు వంటలో అది లేని చోటు తక్కువ: ఊరుబిండి, ఇడ్లీ చట్నీ, పులిహోర, గుత్తి వంకాయ మసాలా, ఉండలు, గానుగ నూనె. వాళ్లు రాకముందే ఫోనులో "వేరుసెనగ, జీడిపప్పు, నువ్వులు, పాలు, గోధుమ – వీటిలో ఏదైనా పడదా?" అని విడివిడిగా అడగండి. "ఏమైనా పడదా?" అంటే మొహమాటానికి లేదంటారు. ఎవరికైనా పడకపోతే ఆ వారం మిక్సీ జారు, గరిటె, బాణలి నూనె అన్నీ వేరుగా ఉంచాలి. అదే జారులో కొబ్బరి చట్నీ రుబ్బినా ప్రమాదమే.

తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు ఒంటి మీద దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, కళ్లు తిరగడం కనబడితే ఆగొద్దు. వాళ్ల దగ్గర అడ్రినలిన్ సూదిమందు పెన్ను ఉంటే తొడ బయటి వైపు పొడవాలి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మజ్జిగ, నిమ్మరసం అంటూ ఆలస్యం చేయకండి.

కొత్త వియ్యాలవారిది హైదరాబాద్. దసరాకు వస్తామన్నారు. వాళ్లకు దసరా అంటే మటన్. మాకు పెరటాసి, ఇంట్లో మాంసం ముట్టం. ఎట్లా చెప్పేది? – పుత్తూరు

ఈరోజే ఫోన్ చేసి చెప్పండి, గుమ్మంలోకి వచ్చాక కాదు. పెరటాసి సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా వచ్చే అరవ నెల. తిరుమల శనివారాలు పట్టేది మన వైపు ఎక్కువ, హైదరాబాద్ వాళ్లకు ఆ పేరే తెలియకపోవచ్చు. "వదినగారూ, ఈ నెల మా ఇంట్లో వెంకటేశ్వరస్వామికి. మాంసం తర్వాతి నెల వచ్చినప్పుడు నాటుకోడితో పెడతాం" అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆ రోజు ఉలవచారు, అలసంద వడలు, గుత్తి వంకాయ, ఓళిగలు నెయ్యితో పెట్టండి. బయట హోటల్లో వాళ్లు తినాలనుకుంటే అది వాళ్లిష్టం, మీరు మొహం చిన్నబుచ్చుకోకండి.

మా కోడలిది బెంగళూరు. ఆరేళ్ల మనవరాలు సంక్రాంతికి వస్తే పితికిపప్పు (తొక్క తీసిన అనపగింజల) కూర నోట పెట్టదు. గట్టిగా తినిపించమంటారా? – ఓ అవ్వ, కుప్పం

వద్దవ్వా. బలవంతంగా తినిపించిన కూరను పిల్లలు ఏళ్ల తరబడి అసహ్యించుకుంటారు. కొత్త రుచి పిల్లల నాలుకకు అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు కంచంలో కనబడాలి. ప్రతిసారీ ఒక చెంచా, తనకు ఇష్టమైన అన్నం పక్కన. తిన్నా తినకపోయినా ఏమీ అనకండి, మిఠాయి ఆశ కూడా చూపకండి.

ఇంకో సంగతి. కోడలి పుట్టింట్లో ఇదే గింజను హితికిద అవరెబేళె అంటారు. పాప దాన్ని అక్కడ కొబ్బరి వేసి తక్కువ కారంతో తినే ఉంటుంది. ఈసారి కూర కోడలినే వాళ్ల పద్ధతిలో చేయమనండి. రెండోరోజు కొబ్బరి తగ్గించి, మీ మసాలా కొద్దిగా కలపండి.

పప్పు పితకడం పాపకే అప్పగించండి. లేత పచ్చి అనపగింజలు రాత్రి నీళ్లలో పోసి ఎనిమిది గంటలు నానబెట్టండి. తక్కువ నానితే తొక్క ఊడదు, ఎక్కువైతే పులిసిన వాసన వస్తుంది. గింజను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఒక కొసన నొక్కితే, తొక్క వేళ్ల మధ్యే ఉండిపోయి లేతాకుపచ్చ పప్పు టప్పున గిన్నెలోకి ఎగిరి పడుతుంది. రెండు గింజలు పితికాక ఏ పిల్లా లేవదు. పచ్చిది మాత్రం నోట్లో వేసుకోనివ్వకండి. కుక్కర్లో వేయొద్దు, పప్పు కరిగిపోతుంది. మామూలు గిన్నెలో పది పన్నెండు నిమిషాలు, గింజ విరగకుండా మెత్తబడేదాకా ఉడికిస్తే చాలు.