ఆక్సిజన్ కంపెనీవాళ్ళు ఇచ్చిన ఉత్తరం మీద అమ్మ సంతకం పెట్టాలా?

ప్రశ్న: నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ఉంటాం. అమ్మకి 73 ఏళ్ళు, గ్రీన్‌కార్డు మీద ఉంది, ఒరిజినల్ మెడికేర్ పార్ట్ బీ (పెద్దవాళ్ళకి అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమాలో ఒక భాగం) ఉంది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఏడాదిన్నరగా ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్) వాడుతోంది. మొన్న ట్యూబులు ఇవ్వడానికి వచ్చినతను ఒక కాగితం చేతిలో పెట్టాడు. మెడికేర్ మళ్ళీ బిడ్డింగ్ పెడుతోంది, మీ ఆక్సిజన్ ఆగిపోవచ్చు, సంతకం పెట్టి మీ కాంగ్రెస్‌మేన్‌కి (ఇక్కడి పార్లమెంటు సభ్యుడికి) పంపండి అని ఉంది. అమ్మ కంగారుపడి వెంటనే పెన్ను తీసింది, నేనే ఆపాను. పెట్టమంటారా వద్దా?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. బిడ్డింగ్ అంటే టెండర్, ఆక్సిజన్ ఎవరు సప్లై చేయాలి, మెడికేర్ వాళ్ళకి ఎంత కట్టాలి అన్న లెక్క, అంతేగానీ ఆక్సిజన్ ఎవరికి ఇవ్వాలి అన్నది దాంతో మారదు. డాక్టరు రాసిన అవసరం ఉన్నంతవరకు ఆవిడ హక్కు ఆవిడకి ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో పెద్దవాళ్ళని భయపెట్టడం నాకైతే అస్సలు నచ్చలేదు.

అలాగని కంపెనీలు చెప్పేదంతా అబద్ధం అనుకోకండి, ఇక్కడే కొంచెం ఓపిగ్గా చదవాలి. ఒకప్పుడు మెడికేర్ ఇంట్లో వాడే ఇలాంటి వైద్య సామాన్లకి పాత రేట్ల పట్టిక ప్రకారం కట్టేది, అవి బజారు ధరలకి ఎక్కడా పొంతన లేకుండా ఉండేవి. 2006లో అమెరికా ఆరోగ్య శాఖ లెక్కలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు లెక్క తీస్తే, కొత్తది కొంటే సగటున 587 డాలర్లు అయ్యే కాన్సన్‌ట్రేటర్‌కి 36 నెలల అద్దె కింద 7,215 డాలర్లు పోతోందని తేలింది. అందులో 20 శాతం, అంటే 1,443 డాలర్లు, పేషెంట్ జేబులోంచే! అద్దెలో మిషన్ ఒక్కటే కాదు, ట్యూబులు, రిపేర్లు, ఇంటికొచ్చే మనిషి జీతం, పెట్రోలు అన్నీ కలిసే ఉంటాయని కంపెనీలు అంటాయి. అది నిజమే. కానీ అన్నీ కలిపినా అంత తేడా ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయారు.

ఇలాంటి రేట్ల వల్లే, ఆ లెక్క తేలకముందే 2003 చట్టంలో టెండర్ పద్ధతి పెట్టారు. 2008 జూలై 1న మొదలైంది, జూలై 15కల్లా అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆపేసింది, అధ్యక్షుడు బుష్ వీటో చేసినా దాన్ని దాటుకుని మరీ. లాబీ బలం ఎంతో అక్కడే తెలుస్తుంది. ఊరికే ఏమీ ఆగలేదు లెండి, బదులుగా టెండర్‌లో ఉన్న సామాన్ల రేట్లన్నీ దేశమంతటా 9.5 శాతం తగ్గించారు. మళ్ళీ 2011లో తొమ్మిది ఏరియాల్లో, 2013 జూలైలో ఇంకో 100 ఏరియాల్లో పెట్టారు, ఆ రెండో విడతలో రేట్లు సగటున 45 శాతం పడిపోయాయి.

ఇప్పుడు కంపెనీల వాదనలో బలమున్న చోటు చెప్తా. మన దగ్గర రోడ్డు కాంట్రాక్టు టెండర్ వేసినవాడు తను రాసిన రేటుకి కట్టుబడాలి కదా, అప్పట్లో ఇక్కడ అది లేదు. తక్కువ రాసేసి తర్వాత నాకొద్దు అని తప్పుకునే వీలుండేది. పైగా గెలిచినవాళ్ళ బిడ్లలో మధ్య రేటు తీసుకుని అందరికీ అదే ఇచ్చేవారు, అంటే గెలిచినవాళ్ళలో దాదాపు సగంమందికి తాము అడిగినదానికన్నా తక్కువే వచ్చేది. మేరీలాండ్ యూనివర్సిటీ ఎకనామిస్ట్ పీటర్ క్రామ్‌టన్ ముందుండి 2010లో 167 మంది నిపుణులతో ఇది తప్పుడు వేలం అని ఉత్తరం రాయించారు, వాళ్ళెవరూ ఆక్సిజన్ అమ్ముకునేవాళ్ళు కాదు. తర్వాత రూల్ మార్చారు, డిపాజిట్ బాండ్ పెట్టారు, మధ్య రేటు తీసేసి గెలిచిన బిడ్లలో ఎక్కువ రేటు ఇస్తామన్నారు. అప్పుడేమైంది? 2021 విడతలో అనుకున్న పొదుపు రావట్లేదని మెడికేర్‌ని నడిపే సంస్థ సీఎంఎస్సే 13 రకాల సామాన్లని తీసేసి, నడుముకి, మోకాలికి కట్టుకునే రెడీమేడ్ బ్రేసులు మాత్రం ఉంచింది. నా దృష్టిలో, అంతకుముందు రేట్లు మరీ కిందకి దిగాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

రేటు మరీ తగ్గితే మిషన్ ఆగదు, ఇంటికొచ్చే మనిషి ఆగుతాడు. నెలకి ఒకసారి వచ్చేవాడు మూడు నెలలకి వస్తాడు, ఫిల్టర్ మీరే కడుక్కోండంటాడు, బయటికెళ్ళడానికి లిక్విడ్ ఆక్సిజన్ అడిగితే మా దగ్గర లేదంటారు. పేషెంట్ల ఆరోగ్యానికి ఏమీ కాలేదని సీఎంఎస్ చెప్పుకుంది, కానీ వాళ్ళు చూసింది ఆస్పత్రి చేరికలు, మరణాల లాంటి లెక్కలు. ట్యూబు చిరిగి ఫోన్ చేస్తే ఎన్నాళ్ళకి వచ్చారన్నది ఆ లెక్కల్లోకి రాదు.

కాబట్టి నా సలహా, ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు, అమ్మగారి పేరున సొంతంగా ఒక ఉత్తరం రాయండి. కంపెనీకి కావాల్సింది రేటు, మీకు కావాల్సింది సర్వీసు, ఆ రెండూ ఒకటి కావు. కరెంట్ పోతే ఏం చేస్తున్నారు (2021 ఫిబ్రవరి మంచు తుఫాను టెక్సస్‌లో ఎవరూ మర్చిపోరు కదా), చేతి సిలిండర్ ఎన్ని గంటలొస్తోంది, ఫోన్ చేస్తే ఎన్ని రోజులకి వస్తున్నారు, ఇవి రాయండి. ఆక్సిజన్‌ని బిడ్డింగ్ నుంచి పూర్తిగా తప్పించి, పేషెంట్ హక్కులు కూడా రాసిపెట్టమనే సోర్ అనే బిల్లు ఒకటి కాంగ్రెస్ ముందుకొచ్చింది. దాన్ని అమెరికన్ లంగ్ అసోసియేషన్ కూడా సమర్థిస్తోంది, నచ్చితే దాని పేరు ప్రస్తావించండి. ఇంకో మాట, 2025లో తెచ్చిన కొత్త రూల్‌లో షుగర్ సెన్సర్లు, ఇన్సులిన్ పంపుల మాటే ఎక్కువ వినిపించింది. వచ్చే విడత సామాన్ల లిస్టులో అసలు ఆక్సిజన్ ఉందో లేదో సీఎంఎస్ సైట్లో చూసుకున్నాకే రాయండి.

ఒకవేళ మీ కంపెనీ రేపు కాంట్రాక్ట్ దొరక్క మిషన్ తీసుకుపోతామంటే, పాత పేషెంట్లని కొనసాగించే వీలు రూల్‌లోనే ఉంది, కొనసాగిస్తారా లేదా అని ముందే రాతపూర్వకంగా అడగండి. 36 నెలల అద్దె అయిపోయాక కూడా అవసరం ఉంటే, మొత్తం అయిదేళ్ళలో మిగతా 24 నెలలు మిషన్ ఇంట్లో ఉంచి చూసుకునే బాధ్యత వాళ్ళదే, దానికి మళ్ళీ అద్దె అడగకూడదు. కాదంటే 1-800-మెడికేర్‌కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మన దగ్గర కూడా ఇలా ప్రభుత్వం రేట్లు కట్టడి చేస్తుందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మన దగ్గర ఎక్కువమంది సొంత డబ్బుతోనే కొంటారు లేదా అద్దెకి తెచ్చుకుంటారు, అందుకని పేచీ అంతా కొట్టు ధర దగ్గరే. 2021లో కరోనా రెండో వేవ్‌లో డిస్ట్రిబ్యూటర్ దగ్గరే మార్జిన్ (ధర మీద అమ్మేవాళ్ళు వేసుకునేది) 198 శాతం దాకా ఉందని తేలాక, కేంద్రం జూన్‌లో కాన్సన్‌ట్రేటర్ల మీద ట్రేడ్ మార్జిన్‌ని 70 శాతానికి కట్టడి చేసింది, జూలైలో పల్స్ ఆక్సీమీటరు, బీపీ మిషను, నెబ్యులైజరు, థర్మామీటరు, గ్లూకోమీటరు మీద కూడా. మీరు ఎప్పుడు కొన్నా డబ్బా మీద ఎమ్మార్పీ చూసి బిల్లు అడిగి తీసుకోండి, సర్వీసు ఎవరు చేస్తారో ఆ బిల్లు మీదే రాయించుకోండి.