ఆవును తినేవాళ్లకి గుర్రం అంటే అంత కోపం ఎందుకొచ్చింది?

ప్రశ్న: 2013లో ఇంగ్లండ్‌లో బీఫ్ బర్గర్లలో గుర్రం మాంసం దొరికిందని పెద్ద గొడవైంది కదా. ఆవును తినేవాళ్లకి గుర్రం తింటే వచ్చిన నష్టం ఏంటి? అప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారా?

నేను ఉన్నాను. బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. షాపు పేరు అనవసరం. బిల్లింగ్ కౌంటర్లోనో, సరుకు వాపసు తీసుకునే డెస్కులోనో డ్యూటీ పడేది కాబట్టి ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లో జనం ఏమన్నారో నా చెవులతో విన్నాను. ఆ కోపంలో గుర్రం వాటా కొంతే. తమకు చెప్పకుండా తినిపించారన్నదే అసలు బాధ. అదైనా అందరికీ ఒకేలా లేదు. ఆ బర్గర్లు కొనే అవసరం లేనివాళ్లు జోకులేసుకున్నారు. వారం వారం అవే కొనుక్కునేవాళ్లకి మాత్రం నవ్వు రాలేదు.

తెలియనివాళ్ల కోసం విషయం క్లుప్తంగా చెప్తాను. 2013 జనవరి 15న ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ తను చేసిన పరీక్షల ఫలితాలు బయటపెట్టింది. 27 బీఫ్ బర్గర్ ఉత్పత్తులకి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే పదింటిలో గుర్రం ఆనవాళ్లు దొరికాయి. చాలావాటిలో ఉన్నది లేశమాత్రమే. కానీ టెస్కో అనే పెద్ద సూపర్‌మార్కెట్ వాళ్ల చవక రకం, ఎవ్రీడే వాల్యూ బర్గర్‌లో, బీఫ్‌తో పోల్చి లెక్కేస్తే గుర్రం మాంసం 29 శాతం ఉంది. ఎనిమిది బర్గర్ల ప్యాకెట్ ఒక్క పౌండ్‌కి వచ్చే సరుకు అది. లిడ్ల్, ఆల్డీ, ఐస్‌లాండ్, డన్స్ స్టోర్స్ అమ్మినవాటిలో కూడా గుర్రం డీఎన్‌ఏ కనిపించింది. దాదాపు కోటి బర్గర్లు షెల్ఫుల్లోంచి తీసేశారు. మర్నాడే టెస్కో మార్కెట్ విలువ 30 కోట్ల పౌండ్ల దాకా పడిపోయింది. ఆ వెంటనే పేపర్లలో ఫుల్ పేజీ క్షమాపణ ప్రకటన వచ్చింది.

మొదటి రెండు మూడు రోజులు ఎక్కడ చూసినా జోకులే. టీవీలో, ట్విట్టర్లో, మా స్టాఫ్ రూమ్‌లో కూడా. డెస్క్ దగ్గర వాతావరణం వేరు. ఒక పెద్దావిడ సగం ఖాళీ అయిన ప్యాకెట్ పట్టుకొచ్చింది. డబ్బులు వాపసిస్తానంటే ఆ మాట పట్టించుకోలేదు. "ఇవి నా మనవడికి పెట్టాను. మీకు ముందే తెలుసా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నే రెండుసార్లు అడిగింది. తెలీదండీ అన్నాను, అది నిజమే. అయినా కౌంటర్ ఇవతల యూనిఫాం వేసుకుని నిలబడి ఆ మాట చెప్పడం చాలా కష్టమనిపించింది.

మీ ప్రశ్నకి సూటి జవాబు ఇంకో కస్టమర్ నుంచి విన్నాను. ఆయన లారీ డ్రైవర్, యూరప్ అంతా తిరుగుతాడట. ఫ్రాన్స్‌లో గుర్రం మాంసం తిన్నాననీ, బాగానే ఉందనీ చెప్పాడు. "అక్కడ గుర్రం అని చెప్పి పెట్టారు, నేను తెలిసే తిన్నాను. ఇక్కడ నన్నెవరడిగారు?" అన్నాడు. ఫ్రాన్స్‌లో గుర్రం మాంసానికి విడిగా కొట్లే ఉంటాయి. ఇంగ్లండ్‌లో మాత్రం గుర్రం అంటే పందేలు, పోలీసు దళాలు, పిల్లలు స్వారీ నేర్చుకునే పోనీలు. దాన్ని తినాలన్న ఆలోచనే చాలామందికి కడుపులో తిప్పుతుంది. ఆ మనసు కూడా నిజమే, తీసిపారేయకూడదు.

ఆరోగ్యం గురించి కూడా భయం ఉండేది. గుర్రాలకి నొప్పి తగ్గడానికి ఫినైల్‌బ్యూటజోన్ అనే మందు ఇస్తారు. అది ఇచ్చిన గుర్రాన్ని ఆహారానికి వాడకూడదు. బ్రిటన్‌లో కోసిన 206 గుర్రాలకి పరీక్ష చేస్తే 8 కళేబరాల్లో ఆ మందు దొరికింది. మనిషికి మందుగా ఇచ్చే రోజు మోతాదంత ఒంట్లోకి వెళ్లాలంటే, పూర్తిగా గుర్రం మాంసంతో చేసిన బర్గర్లు రోజుకి ఐదారు వందలు తినాలని అప్పటి చీఫ్ మెడికల్ ఆఫీసర్ శాలీ డేవిస్ చెప్పారు. శాస్త్రప్రకారం అది సరైన మాటే. కానీ లేబుల్ మీదే నమ్మకం పోయిన మనిషికి ఆ లెక్క ఎంత ధైర్యమిస్తుంది?

నాకు ఇప్పటికీ కష్టంగా అనిపించేది వేరే సంగతి. అదే 27 ఉత్పత్తుల్లో 23 వాటిలో పంది డీఎన్‌ఏ దొరికింది. గుర్రం పదింటిలో, పంది ఇరవైమూడింటిలో. పేపర్ల మొదటి పేజీ నిండా మాత్రం గుర్రమే. ఒకే ఫ్యాక్టరీలో బీఫ్, పోర్క్ రెండూ తయారవుతాయి కాబట్టి అలా అంటుకుని ఉండొచ్చని వివరణ ఇచ్చారు. పరిమాణం చూస్తే చాలావాటిలో అతి కొంచెమే, ఆ వివరణ నమ్మదగ్గదే. అయినా ముస్లింలకీ, యూదులకీ 'కొంచెమే' అన్న మాటతో సరిపోతుందా?

మా రూమ్మేట్ మలక్‌పేట అమ్మాయి. మొదట్లో ఆమె కంగారు పడలేదు. హలాల్ అని రాసి ఉంటే తప్ప కొనేదే కాదు. ఫిబ్రవరి మొదట్లో ఇంకో వార్త వచ్చింది. జైళ్లలో ఖైదీలకి హలాల్ అని పెట్టిన పైలు, పేస్ట్రీల్లో పంది డీఎన్‌ఏ దొరికిందని బ్రిటన్ న్యాయశాఖే ప్రకటించింది. ఆ రోజు రాత్రి ఆమె ఫ్రీజర్‌లో ఉన్న ప్యాకెట్లన్నీ తీసి టేబుల్ మీద పెట్టి ఒక్కోదాని లేబుల్ చదివింది. చదివి ఏం లాభం, అక్షరాల్లో ఏదీ తేలదు కదా. అన్నీ కవర్లో వేసి పడేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం బర్మింగ్‌హామ్‌లోనే ఉన్న స్పార్క్‌హిల్ అనే పేటకి వెళ్లి, హలాల్ కొట్లో ఎదురుగా నిలబడి కొట్టించుకుని తెచ్చుకునేది. మన ఊళ్లలో మటన్ తెచ్చుకున్నట్టే. అలా వెళ్లడానికి బస్సు ఛార్జీ కావాలి, ఖాళీ టైమ్ కావాలి. కిలో ధర కూడా ఎక్కువే. జైల్లో ఉన్నవాడికి ఆ దారి కూడా లేదు.

ఇది ఎలా జరిగిందో కూడా చెప్పాలి, ఎందుకంటే కోపం అక్కడే ముదిరింది. ఫిబ్రవరిలో ఫిండస్ కంపెనీ బీఫ్ లసానియా (పాస్తా పొరల మధ్య కీమా పెట్టి చేసే వంటకం) పరీక్షిస్తే 18 ప్యాకెట్లలో 11 వాటిలో 60 నుంచి 100 శాతం గుర్రం మాంసమే ఉంది. అది పొరపాటున కలిసిన మాంసం కాదు. రొమేనియాలో గుర్రం అనే పేరుతోనే చట్టప్రకారం కోసి పంపారు. సైప్రస్‌లో రిజిస్టరైన వ్యాపార సంస్థ, నెదర్లాండ్స్ దళారి, దక్షిణ ఫ్రాన్స్‌లో స్పాంగెరో అనే మాంసం కంపెనీ, అక్కణ్నుంచి లక్సెంబర్గ్ ఫ్యాక్టరీ, చివరికి ఇంగ్లండ్ షెల్ఫు. ఈ దారిలో ఎక్కడో కాగితం మీద గుర్రం బీఫ్ అయిపోయింది. బీఫ్ కంటే గుర్రం మాంసం చాలా చవక, ఆ తేడా అంతా మధ్యవాళ్లకి లాభం. గడ్డకట్టిన దిమ్మగా వచ్చి మిషన్‌లో కీమా అయ్యాక కంటితో గుర్తుపట్టడం ఎవరి తరం కాదు. మొదట్లో కొందరు రొమేనియావాళ్లని తిట్టిపోశారు, అది అన్యాయం.

"పౌండ్‌కి ఎనిమిది కొంటే ఇంకేం వస్తుంది" అనే మాట కూడా అప్పుడు గట్టిగానే వినిపించింది. నేను ఆ మాట ఎప్పటికీ ఒప్పుకోను. చవకగా కొన్నవాళ్లకి తక్కువ రకం బీఫ్ వస్తుంది, కొవ్వు ఎక్కువ వస్తుంది. అది బేరంలో భాగమే. బీఫ్ అని రాసి ఇంకో జంతువుని అమ్మడం బేరం కాదు, మోసం. ఐర్లండ్‌లో మొదట పరీక్షించిన నమూనాల్లో అంత ఎక్కువ గుర్రం ఉన్న ఒక్క బర్గర్ కూడా చవక రకానిదే కావడం గమనించండి. కాస్త డబ్బున్నవాళ్లు వీధి చివర బుచర్ దగ్గరికి మారిపోయారు. ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఫ్రోజెన్ బర్గర్ల అమ్మకాలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 43 శాతం పడిపోయాయి. మా షాపులోనూ ఆ ఫ్రీజర్ దగ్గరికి జనం రావడం తగ్గింది. మారలేనివాళ్లు కొన్నాళ్లకి మళ్లీ అక్కడికే వచ్చారు.

తర్వాత ప్రభుత్వం బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ క్రిస్ ఎలియట్‌తో విచారణ చేయించింది. 2014లో ఆయనిచ్చిన నివేదిక వల్లే ఆహార మోసాల మీద ప్రత్యేక విభాగం ఏర్పడింది. బీఫ్‌లో గుర్రం మాంసం కలిపి అమ్మే కుట్రలో పాలుపంచుకున్న లండన్ మాంసం కంపెనీ యజమాని ఒకరికి 2017లో నాలుగున్నరేళ్ల జైలు పడింది.

ఇప్పుడు మీ ప్రశ్నలోని 'ఆవును తినేవాళ్లకి' అన్న మాట దగ్గరికి వస్తాను. 2014లో విచ్ అనే వినియోగదారుల సంస్థ లండన్, బర్మింగ్‌హామ్ టేక్‌అవేల్లో 60 ల్యాంబ్ (గొర్రెపిల్ల మాంసం) కూరలు, కబాబ్‌లు కొని పరీక్ష చేయించింది. 24 వాటిలో బీఫ్, చికెన్ లాంటి వేరే మాంసం కలిసింది. ఏడింటిలో అసలు ల్యాంబే లేదు. మా బ్యాచ్‌లో బీఫ్ ముట్టని తెలుగువాళ్లు శుక్రవారం రాత్రి తెప్పించుకునేది సరిగ్గా ఆ కూరలే. ఆ వార్త చదివాక గుర్రం జోకులు ఫార్వర్డ్ చేసినవాళ్లు కూడా ఆ హోటళ్లకి ఫోన్ చేసి గొంతు చించుకుని అడిగారు, "ఇన్నాళ్లూ మాకు ఏం పెట్టారు" అని. బర్గర్ల దగ్గర ఇంగ్లిష్‌వాళ్లు అడిగింది కూడా అదే ప్రశ్న.

చదువుకోవడానికి వెళ్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కీమా, కబాబ్, సాసేజ్ లాంటివి ఎవరు తయారుచేశారో తెలియనప్పుడు వదిలేయండి. ముక్కలుగా ఉన్న మాంసం కొనండి, లేదా మీ ఎదురుగా కీమా కొట్టించుకోండి. అనుమానం వస్తే ఆ ఊరి కౌన్సిల్‌లో ట్రేడింగ్ స్టాండర్డ్స్ అనే విభాగం ఉంటుంది, ఫిర్యాదు ఇవ్వండి.