టెక్ సందేహాలు: సాఫ్ట్‌వేర్ చేయించాలి... ఎవరెవరిని పెట్టుకోవాలి?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఐదు ఇంచుమించు ఒకే విషయం మీద ఉన్నాయి. వ్యాపారానికి సొంత సాఫ్ట్‌వేర్ చేయించుకోవాలనుకునేవాళ్లూ, చేయించుకుంటూ మధ్యలో చిక్కుకున్నవాళ్లూ రాసినవి. డబ్బుతో, ఏడాది కష్టంతో ముడిపడిన సంగతి కాబట్టి ఫోన్లు, రౌటర్ల ప్రశ్నలను వచ్చే వారానికి వాయిదా వేసి, స్థలమంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు రెండు మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. లెక్కలు సగం రిజిస్టర్లలో, సగం ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తున్నాయి. దిగుమతి (వచ్చిన సరుకు దించుకోవడం), బాండ్లు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదులు), అద్దె, వాటి మీద బ్యాంకు లోన్లు అన్నీ ఒక్క చోట కనపడేలా సాఫ్ట్‌వేర్ చేయించాలని ఉంది. ఒక కంపెనీ తొమ్మిది మందిని పెడతామని కొటేషన్ ఇచ్చింది. మా బావమరిది స్నేహితుడు తానొక్కడే నాలుగు నెలల్లో చేసిస్తానంటున్నాడు, అదీ ఐదో వంతు ఖర్చులో. ఎవరికివ్వమంటారు?

రెండు కొటేషన్లలోనూ ఉండాల్సిన మనిషి ఒకరు లేరండీ. ఆ మనిషి మీ ఆఫీసులోనే ఉన్నారు. బాండ్లు రాసే మీ సీనియర్ గుమస్తా గారు.

కిందటేడు ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పూటంతా కూర్చున్నాను. అక్కడి గుమస్తా గారు వచ్చిన ప్రతి లాటుకూ రైతు పేరు, ఊరు, మిర్చి రకం తేజానా మూడు వందల ముప్ఫై నాలుగా, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా ఎంత అన్నీ నీలం పెన్నుతో రాస్తున్నారు. ఛాంబరు, ర్యాక్ నంబరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను పక్కన పెట్టి చెవి మీది పెన్సిల్ తీస్తున్నారు. “ఇదొక్కటే పెన్సిల్‌తో ఎందుకండీ?” అని అడిగాను. “మధ్యలో సరుకు జరుగుద్దండీ. అడుగున ఉన్న లాటు ఎవరన్నా అడిగితే పైవన్నీ తీసి ముఠా హమాలీలు ఇంకోచోట సర్దుతారు. సాయంత్రం మేస్త్రీ వచ్చి చెప్తే చెరిపి రాసుకుంటా” అన్నారు.

వాళ్లు అంతకు ముందే లక్షలు పెట్టి ఒక సాఫ్ట్‌వేర్ చేయించుకున్నారు. అందులో బాండు సేవ్ చేయగానే ర్యాక్ నంబరు లాక్ అయిపోతుంది. మార్చాలంటే బాండు రద్దు చేసి కొత్తది రాయాలి. ఆ బాండు మీద బ్యాంకు లోను ఉంటే రద్దు చేసే వీల్లేదు. మూడు వారాలు తంటాలు పడి మళ్లీ రిజిస్టరుకే వచ్చేశారు. కోడ్ రాసిన పిల్లలు తెలివైనవాళ్లే, చెప్పింది చెప్పినట్టు చేశారు. కానీ వాళ్లలో ఒక్కరూ వచ్చి ఆ టేబుల్ పక్కన కూర్చోలేదు, ఆ పెన్సిల్ చూడలేదు.

అందుకే మీ టీమ్‌లో మొదటి పేరు గుమస్తా గారిది. ఆయన పేరు కాగితం మీద ఉంటే చాలదు. వారానికి రెండు పూటలు ఆయన్ను మామూలు పని నుంచి తప్పించండి, ఆ పని చూడటానికి ఇంకొకర్ని కూర్చోబెట్టండి. సాఫ్ట్‌వేర్ వస్తే తన ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ ఆయనకు ఉంటుంది. అలా జరగదని మీరే, మీ నోటితోనే చెప్పండి. ఆ బెంగ తీరనంతకాలం ఆయన సగమే చెబుతారు.

రెండో మనిషి మీరు, లేదా మీ ఇంట్లో ఒక్కరే ఒక్కరు. అద్దె లెక్క సీజన్‌కా నెలకా, సరుకు స్టోరేజీలో ఉండగానే రైతు వ్యాపారికి అమ్మేస్తే బాండు పేరు ఎలా మారాలి, ఇలాంటివి రోజూ వస్తాయి. అన్నదమ్ములు ముగ్గురూ తలో మాటా చెబితే కోడ్ రాసేవాళ్లు మూడుసార్లు రాస్తారు, మూడు బిల్లులు మీకే వస్తాయి. ‘ఇదీ మా నిర్ణయం’ అని ఒకటి రెండు రోజుల్లో చెప్పగలిగే వ్యక్తి ఒక్కరే ఉండాలి.

ఇక బయటి నుంచి రావాల్సినవాళ్లు. మీ పనికి తొమ్మిది మంది అక్కర్లేదు, ఒక్కడితో కాదు. నా లెక్కలో మొదట కావాల్సింది మీ పనిని అడిగి తెలుసుకుని రాసిపెట్టే మనిషి. బిజినెస్ అనలిస్ట్ అంటారు. తెలుగులో, అదీ మీ గుమస్తా గారు మాట్లాడే తెలుగులో మాట్లాడగలగాలి. టిక్కీ, తాలు, దిగుమతి అన్న మాటలు విని తడబడినా ఫర్వాలేదు, అర్థం అడక్కుండా తలూపేవాళ్లయితే వద్దు. తర్వాత డెవలపర్లు ఇద్దరు. వాళ్లలో ఒకరికి లెక్కలు, స్టాకు ఉన్న సాఫ్ట్‌వేర్ చేసి, నడిచాక రెండు మూడేళ్లు దాన్ని చూసుకున్న అనుభవం ఉండాలి. చేసి వదిలేసినవాళ్లకూ, చేసి మోసినవాళ్లకూ తేడా చాలా ఉంటుంది. టెస్టర్ ఒకరు, సగం రోజులైనా సరే, కానీ కోడ్ రాసిన చేతులే పరీక్ష చేయకూడదు. డిజైనర్ రెండు మూడు వారాలు చాలు. సర్వర్, బ్యాకప్ చూసే మనిషి మొదట్లో కొన్ని రోజులు, తర్వాత నెలకోసారి. మీ ఆడిటర్ గారి నుంచి రెండు పూటలు తీసుకోండి. అద్దె మీద పన్ను రైతు సరుకుకు, వ్యాపారి సరుకుకు ఎలా వర్తిస్తుందో తేల్చాల్సింది ఆయనే, డెవలపర్ కాదు.

డిజైనర్ గురించి ఒక మాట. ఆ వ్యక్తిని గేటు దగ్గర, ఛాంబరులో ఒకరోజు నిలబెట్టండి. మందపాటి గోడల లోపల ఫోన్ సిగ్నల్ దొరకడం కష్టం. మేస్త్రీ చేతులకు మిరప ఘాటు, దుమ్ము. సన్నటి బటన్లు, ఇంగ్లిష్ మెనూలు అక్కడ పనిచేయవు. నెట్ లేకపోయినా నమోదు చేసుకుని, బయటికి రాగానే పంపే యాప్ కావాలి. ఇది ఆఫీసులో కూర్చుంటే తోచే విషయం కాదు.

ఖర్చు తగ్గించే దారి ఇంకొకటుంది. ట్యాలీని తీసేయకండి. జమాఖర్చులు, పన్ను రిటర్నుల కోసం మళ్లీ కొత్తగా ఏదీ రాయించనక్కర్లేదు. లాట్లు, బాండ్లు, లోన్లు, అద్దె వరకే కొత్తది చేయించి, అక్కడి నుంచి ఎంట్రీలు ట్యాలీలోకి వెళ్లేలా అడగండి. ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు రూపంలో ఎంట్రీలను తీసుకునే వీలు ట్యాలీలో ఉంది. తొమ్మిది మంది కొటేషన్‌లో కొంత భాగం ఈ అకౌంట్స్ కోసమే ఉందేమో ఒకసారి చూడండి.

ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి ప్రెజెంటేషన్లు చూసి లాభం లేదు. వచ్చి మాట్లాడేది ఒకరు, కూర్చుని పనిచేసేది ఇంకొకరు. పనిచేసేవాళ్లను పిలిపించమనండి. మీ రిజిస్టరులో ఒక పేజీ, ఒక పాత బాండు, సరుకు వదలమని బ్యాంకు ఇచ్చిన ఒక రిలీజు లెటరు వాళ్ల ముందు పెట్టండి. రెండు వారాలకు డబ్బు కట్టి, ఒక లాటు లోపలికి వచ్చి బయటికి వెళ్లేదాకా నడిచేంత చిన్న ముక్క చేసి చూపించమనండి. బావమరిది గారి స్నేహితుడికీ ఇదే పరీక్ష పెట్టండి. అతను మంచి డెవలపరే అయితే టీమ్‌లో ఒకడిగా తీసుకోవచ్చు. ఒక్కడి మీదే పెట్టకపోవడానికి కారణం అతని మీద అపనమ్మకం కాదు. మార్చిలో గేటు ముందు లారీలు బారులు తీరిన రోజున అతనికి జ్వరం వస్తే మీకు ఇంకో దిక్కు ఉండాలి.

చివరిగా కాలం. కొత్త పంట జనవరి, ఫిబ్రవరి నుంచి జోరందుకుంటుంది, మే దాకా దిగుమతి మీద ఊపిరాడదు. ఆ నెలల్లో మొదలుపెడితే గుమస్తా గారు మీ టీమ్‌కు దొరకరు. జూన్‌లో మొదలుపెట్టి, సరుకు బయటికి వెళ్లే నెలల్లో రిజిస్టరూ, కొత్త సాఫ్ట్‌వేరూ రెండూ పక్కపక్కన నడపండి. రెండింటి టిక్కీల లెక్క వరసగా ఒక నెల కలిశాకే రిజిస్టరు మూయండి.

ప్రశ్న: మా డిస్ట్రిబ్యూషన్ వ్యాపారానికి ఆర్డర్ల యాప్ ఆరు నెలల్లో ఇస్తామన్నారు, పది నెలలైంది. ఇప్పుడు ఇంకో నలుగురు డెవలపర్లను చేరిస్తే రెండు నెలల్లో అయిపోతుంది, అదనంగా కట్టండి అంటున్నారు. కట్టమంటారా? — హైదరాబాద్

కట్టకండి, కనీసం ఇప్పుడే కట్టకండి. 1960లలో ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ తయారీకి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆ అనుభవంతో 1975లో ఒక సూత్రం చెప్పారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఆలస్యం ఇంకా పెరుగుతుందని. కొత్తవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే కదా, ఆ రోజుల్లో అసలు పని ఆగుతుంది. పైగా ఐదుగురున్నప్పుడు ఇద్దరిద్దరి మధ్య మాటలకు 10 దారులు ఉంటాయి. తొమ్మిది మంది అయితే 36. వరికోతలకు కూలీలను పెంచినట్టు ఇక్కడ కుదరదు.

ముందు ఆలస్యం ఎక్కడుందో అడగండి. చాలాసార్లు నేను చూసింది ఇది: కోడ్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, స్కీములు, డిస్కౌంట్ల లెక్క మీ వైపు నుంచి ఖరారు కాక ఆగి ఉంటుంది. లేదంటే టెస్టరే లేక, సరిచేసిందే మళ్లీ చెడుతుంటుంది. అలాంటప్పుడు నలుగురు డెవలపర్లు అక్కర్లేదు, ఒక మంచి టెస్టరూ మీ సేల్స్ మేనేజరు రోజుకో గంటా చాలు. మిగిలిన పనిని రెండుగా విడదీయండి. మీ సేల్స్ కుర్రాళ్లు రేపు ఆర్డరు తీసుకోవడానికి తప్పనిసరి అయినవి ముందు, రిపోర్టులూ గ్రాఫులూ తర్వాత.

ప్రశ్న: ఒక ఫ్రీలాన్సర్‌తో మా ఎరువుల దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేయించాను. డబ్బు మొత్తం ఇచ్చేశాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. సాఫ్ట్‌వేర్ నాదే కదా? — కరీంనగర్

బాధగా ఉన్నా ఉన్నది చెప్పాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన హక్కు పూర్తిగా మీ చేతికి రాదు. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందే వస్తుంది. జీతం మీద పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. బయటి మనిషి రాస్తే మామూలుగా హక్కు రాసినవాళ్లదే. అది మీకు రావాలంటే సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ ఉండాలి. ఆ కాగితంలో ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం లెక్కిస్తుంది. అందుకే రెండూ స్పష్టంగా రాయించుకోవాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: మీ డేటాను, అంటే రైతుల ఖాతాలు, అరువులు, స్టాకు, ఈరోజే ఎక్సెల్‌లోకి దించుకోండి. సర్వర్, డొమైన్ (వెబ్ చిరునామా) ఎవరి పేరున ఉన్నాయో చూడండి. అతని ఈమెయిల్ మీద ఉంటే, మర్యాదగా మెసేజ్ పెట్టి, ఇంకొంత డబ్బు ఇచ్చయినా బదిలీ చేయించుకోండి, అదే కాగితం మీద సంతకమూ తీసుకోండి. గొడవతో మొదలుపెడితే పాస్‌వర్డులు రావు. రాకపోతే లాయర్ నోటీసు ఎలాగూ ఉంది.

తర్వాత ఎవరిని పెట్టుకున్నా ఒకటి అడగండి. “పన్ను రేటు మారితే ఎవరు మారుస్తారు?” 2025 సెప్టెంబరు 22న జీఎస్టీలో చాలా వస్తువులకు 12, 28 శాతం శ్లాబులు తీసేశారు. సూక్ష్మపోషకాల మీద పన్ను 12 నుంచి 5కి వచ్చింది. రేటును కోడ్‌లోనే రాసేసిన దుకాణదారులు ఆ రోజు డెవలపర్ కోసం వెతుక్కోవాలి. కోడ్‌కు బయట, విడిగా ఒక పట్టికలో పెట్టుకున్నవాళ్లు తామే మార్చుకోగలరు. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో ఎదుటి మనిషి అనుభవం తెలిసిపోతుంది. రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు అందులో పెడుతుంటే అవి ఎవరెవరికి కనిపిస్తున్నాయో కూడా అడగండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, భద్రత గాలికొదిలేసినవారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది.

ప్రశ్న: ఇప్పుడు కోడ్ ఏఐయే రాస్తోంది కదా, టీమ్ ఎందుకు? — విశాఖపట్నం

మీ ఒక్కరి వాడకానికి చిన్న పనిముట్టు అయితే నిజంగానే అక్కర్లేదు, ధైర్యంగా చేసుకోండి. పది మంది డబ్బు లెక్కలు దాని మీద నడిచేటప్పుడు మాట వేరు. టైపు చేసే పని తగ్గింది. ఏం చేయాలో అడిగి తెలుసుకునే పని, చేసింది సరిగ్గా ఉందో లేదో చూసే పని తగ్గలేదు. ఇద్దరు డెవలపర్ల చోట ఒకరితో సరిపెట్టుకోవచ్చేమో గానీ, టెస్టర్‌ను మాత్రం తీసేయకండి.

ప్రశ్న: న్యూజెర్సీలో మాకు రెండు ఇండియన్ గ్రోసరీ స్టోర్లు ఉన్నాయి. స్టాకు సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ టీమ్ చేస్తోంది. మంచి పిల్లలే, కానీ ఏ చిన్న సందేహమొచ్చినా ఒకరోజు పోతోంది.

వేసవిలో మీకూ హైదరాబాద్‌కూ తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. వేసవిలో మీ పొద్దున 8 గంటలు వాళ్లకు సాయంత్రం 5.30. ఆ ఒక్క గంట రోజూ వాళ్లకు కేటాయించండి. అంతకన్నా ముఖ్యంగా, టీమ్‌లో ఒకరికి చిన్న నిర్ణయాలు తీసుకునే అధికారం ఇవ్వండి. తప్పయితే మర్నాడు మార్చుకోవచ్చు, ఆగిన రోజు తిరిగి రాదు. మీ బిల్లింగ్ కౌంటర్‌లో ఉండే వ్యక్తితో వారానికో చిన్న వీడియో తీయించి పంపండి. పెసరపప్పు బస్తా విప్పి రెండు పౌండ్ల ప్యాకెట్లు కట్టేటప్పుడు స్టాకు ఎలా మారుతుందో మాటల్లో రాస్తే పేజీ పడుతుంది, చూస్తే నిమిషంలో అర్థమవుతుంది.

నవంబరు మొదటి ఆదివారం మీ గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఆ మర్నాటి నుంచి అదే కాల్ వాళ్లకు 6.30 అవుతుంది. ఆఫీసు క్యాబ్ ఎన్నింటికో, ఎవరు ఎంత దూరం వెళ్లాలో ముందే అడిగి, మీరే ఒక గంట ముందుకు జరగండి.