ఆ బూరలు నిజంగా ఊదినవేనా?

ప్రశ్న: మాస్టారూ, జెనెసిస్ బ్యాండ్ 1972లో చేసిన ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్ విని, ఆ వెంటనే 1981 నాటి ‘అబాకాబ్’ పెట్టాను. రెండూ ఒకే బ్యాండ్‌వి అంటే నమ్మబుద్ధి కాలేదు. ‘నో రిప్లై ఎట్ ఆల్’ పాటలో బూరలు నిజంగా ఊదారా, సింథసైజర్‌తో లాగించేశారా?
- ఒక పాఠకుడు

జవాబు: నిజంగానే ఊదారండీ. ఎర్త్ విండ్ అండ్ ఫైర్ బృందానికి ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సోఫోన్ వాయించేవాళ్లే వచ్చి ఊదారు. ఆ ఏడాదే జెనెసిస్ గాయకుడు, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ సొంత ఆల్బమ్ ‘ఫేస్ వేల్యూ’లోనూ వాళ్లే ఉన్నారు. ఆ రుచి మరిగి బ్యాండ్‌లోకీ తెచ్చుకున్నట్టున్నాడు.

కానీ మార్పు బూరలతో మొదలవలేదు. ‘ఫాక్స్‌ట్రాట్’ మొదటి పాట ఎత్తుగడ గుర్తుందా? అది మెలోట్రాన్ అనే కీబోర్డ్ వాయిద్యం. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. నొక్కితే తిరుగుతుంది, ఎనిమిది సెకన్లకు అయిపోతుంది. మొదటిసారి దాని మీద చెయ్యి వేసినప్పుడు నాకు ఈ సంగతి తెలియదు. కార్డ్ (ఒకేసారి పలికే కొన్ని స్వరాల కలయిక) పట్టుకుని మైమరచిపోయి ఉండగా ఠక్కున ఆగిపోయింది, కరెంటు పోయిందేమోనని లైటు వైపు చూశాను! అలాంటి దాని మీద మెల్లగా, గంభీరంగా నడిచే కార్డ్‌లే నప్పుతాయి. చలాకీగా పరుగెత్తడం దాని వల్ల కాదు.

1978లో వచ్చిన ప్రాఫెట్-5 సింథసైజర్ తీరే వేరు. దాంట్లో ఒకేసారి ఐదు స్వరాలే పలుకుతాయి. ఆరోది నొక్కారా, ముందున్న వాటిలో ఒకటి నోరు మూసుకోవాల్సిందే. అయితే మనం తయారుచేసుకున్న శబ్దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ కావాలంటే బటన్ నొక్కితే చాలు. ఇది జెనెసిస్‌లో కీబోర్డ్ వాయించే టోనీ బ్యాంక్స్ చేతికి వచ్చాక కార్డ్‌లు పొట్టివయ్యాయి, వాటి మధ్య ఖాళీ వచ్చింది. నా లెక్కలో బూరలకు చోటు దొరికింది ఆ ఖాళీలోనే. ఊదేవాడు ఊపిరి తీసుకోవాలి కదా, అందుకే వాళ్లూ పొట్టిపొట్టిగా కొట్టి వదిలేస్తారు. ఈసారి హెడ్‌ఫోన్స్‌తో వినండి, గొంతు ఆగిన సందులో అవి చటుక్కున అందుకోవడం తెలుస్తుంది.

అప్పట్లో పాత అభిమానులు చాలామంది మొహం చిట్లించారు. చాన్నాళ్లు నేనూ ఆ బ్యాచే. ‘అబాకాబ్’లోని ‘హూ డనిట్?’ పాట మాత్రం ఇప్పటికీ నా వల్ల కాదు.

ఇదే బూరల జట్టు ఇంకా కావాలంటే 1982లో వచ్చిన జెనెసిస్ పాట ‘పేపర్‌లేట్’ వినండి. 1983 ఆల్బమ్‌లో మాత్రం వెతక్కండి. అందులో ‘మామా’ పాట మొదలయ్యేదే డ్రమ్ మెషిన్‌తో.