వాడు గోడ ఎందుకు వదలడు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో, వేళచ్చేరిలో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవడికి ఆరేళ్లు, డౌన్ సిండ్రోమ్. రెండున్నరేళ్లకు నడిచాడు. పగలు ఇంట్లో బాగానే తిరుగుతాడు. రాత్రి కరెంటు పోతే ఉన్నచోటే కూలబడతాడు. మెట్లు ఎక్కుతాడు, దిగమంటే గోడ పట్టుకుని ఏడుస్తాడు. ఎలియట్స్ బీచ్‌కు తీసుకెళ్తే ఇసుకలో కాలు పెట్టడు. చెవిలో నీరు చేరిందని డాక్టరు అన్నారు. మా అల్లుడు మొండితనం అంటాడు. తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పితే భయం పోతుందని పక్కింటావిడ చెప్పింది. తిప్పవచ్చా?
– ఒక అమ్మమ్మ

జవాబు: తిప్పకండి అమ్మా. ఎందుకో తర్వాత చెబుతాను. కరెంటు పోతే కూలబడతాడని రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది.

పడకుండా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, కాళ్ల కండరాలూ కీళ్లూ, లోపలి చెవి. అర్ధరాత్రి దాహమేసి లేచి, లైటు వేయకుండానే మీరు వంటింటి దాకా వెళ్లగలుగుతున్నారంటే మిగతా రెండూ పనిచేయబట్టే. మీ వాడికి ఆ రెండూ బలహీనంగా ఉండవచ్చు. డౌన్ సిండ్రోమ్‌లో కండరాల బిగువు తక్కువ, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు వదులు. అందుకే పాదాల కబురు మసకగా వస్తుంది. ఇక లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలుంటాయి. తల కదిలితే ద్రవం కదిలి మెదడుకు చెబుతుంది. ఈ పిల్లల్లో చాలామందికి, తల పక్కకు తిరగడాన్ని పసిగట్టే నాళం పుట్టుకతోనే సరిగా ఏర్పడదు. దానికి ఆపరేషన్ లేదు, సాధనే.

అంటే మీ వాడు చాలావరకు కళ్లతో నడుస్తున్నాడు. చీకట్లో అవీ పోతాయి. ఇసుకలో కాలి కింద నేల జారుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు పై మెట్టు కళ్లెదుటే ఉంటుంది, దిగేటప్పుడు ఒంటికాలి మీద నిలబడి లోతు అంచనా వేయాలి. వాడి భయం లెక్క తప్పలేదని అల్లుడుగారికి చెప్పండి.

నేనూ ఒకప్పుడు అల్లుడుగారి పక్షమే. ఫిజియోథెరపీలోకి వచ్చిన కొత్తలో ఒక ఏడేళ్ల పాప, బల్ల దిగమంటే నా చీర కొంగు పట్టుకుని వదిలేది కాదు. ఆ పిడికిలి పడిన చోట కొంగు ఇస్త్రీకి కూడా లొంగేది కాదు. రోజూ విడిపించుకుని గదిమేదాన్ని. తీరా పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ జిగురులాంటి ద్రవం. నా గదమాయింపు ఆ పిల్లకు సగం వినపడనే లేదు.

మీ డాక్టరు చెప్పిన నీరు కర్ణభేరి వెనక, మధ్య చెవిలో చేరేది. లోపలి చెవిది కాదు. అయినా దానివల్ల కూడా పిల్లలు తూలుతారు, నీరు తీశాక కొందరి నడక కుదుటపడుతుంది. ఈ పిల్లల చెవి రంధ్రాలు సన్నం, పైపైన చూస్తే తెలియదు. టింపనోమెట్రీ చేయించండి. చెవిలో చిన్న బిరడా పెట్టి గాలి ఒత్తిడి మార్చి చూస్తారు, నొప్పి ఉండదు. వినికిడి, కళ్లు, థైరాయిడ్ ఏటా చూపించాలి. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడు దగ్గర కేంద్ర ప్రభుత్వ బహుళ వైకల్యాల సంస్థ ఉంది. ఫిజియోథెరపీ, వినికిడి పరీక్ష అక్కడ ఒకేచోట దొరుకుతాయి.

ఇప్పుడు కుర్చీ సంగతి. వీళ్లలో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, కుదుపుకు అవి జారితే వెన్నుపాము నలగవచ్చు. గిరగిరా తిప్పడం, పిల్లిమొగ్గలు, ట్రాంపొలిన్ వద్దు. మెడ నొప్పి, తల ఒకవైపు వాల్చడం, బాగా నడిచేవాడు ఉన్నట్టుండి తడబడటం, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం – వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. చెవిలో నీరు తీయడానికి ఆపరేషన్ చేయాల్సి వస్తే, మత్తు ఇచ్చే డాక్టరుకు మెడ సంగతి మీరే ముందు గుర్తుచేయండి. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంట్లో రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. మెట్ల అంచులకు పసుపు రంగు టేపు అంటించండి. ఇంట్లో ఉన్నప్పుడు చెప్పులు లేకుండా నడవనివ్వండి. పొద్దున మీరు వేసే ముగ్గులో ఒక పొడవాటి గీత వాడి కోసం గీసి, దాని మీద నడిపించండి. చెరిగిపోతే మళ్లీ వేసుకోవచ్చు, మీకు కాస్త నడుము నొప్పి, అంతే. బీచ్‌లో పొడి ఇసుక దగ్గర మొదలుపెట్టకండి. ఎత్తుకుని అలల దగ్గరి తడి ఇసుక మీదకు తీసుకెళ్లి దించండి, అక్కడ నేల గట్టిగా ఉంటుంది. మొదట వాడి చేయి పట్టుకోండి. వారం పది రోజుల తర్వాత చేయి వదిలి తువాలు ఒక కొస వాడికిచ్చి, రెండో కొస మీరు పట్టుకోండి. చేయిలా తువాలు బరువు మోయదు, తోడు మాత్రం ఉంటుంది. ఈ ఉపాయం నాకు నేర్పింది ఆ కొంగు పట్టుకున్న పాపే. మొదట్లో తువాలు బిగువుగా ఉంటుంది. అది కాస్త వదులైన రోజు నాకొక కార్డు ముక్క రాయండి.